పిలిస్తే పలికే పేరు

మొన్నామధ్య విజయవాడ నుంచి ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. అతనూ, అతని స్నేహితులూ కలిసి కంప్యూటరు ప్రోగ్రాములను తెలుగులోకి మారుస్తుంటారు. జీతం లేని పని, ఇష్టంకొద్దీ చేస్తున్నారు. నేను రిటైరైన తెలుగు మాస్టారిని గనుక సందేహం వచ్చినప్పుడల్లా నన్ను అడుగుతారు. 'సేవ్' అనే మాటకు 'భద్రపరచు' రాయాలా, 'దాచు' రాయాలా అన్నంతవరకు హాయిగానే సాగింది. ఈసారి దేశాల పేర్లు వచ్చిపడ్డాయి. మీది ఏ దేశమని ప్రోగ్రాము అడిగినప్పుడు కిందికి జారుతుంది చూడండి, ఆ పొడవాటి వరస.

"ఒక్క పేరు దగ్గర ఆగిపోయాం సార్. తైవాన్ పక్కన ఇంగ్లీషులో 'చైనాలో భాగం' అని ఒక తోక ఉంది. ఉంచాలని ఒకడు, పీకెయ్యాలని ఇంకొకడు. పొద్దుట్నుంచీ ఒకటే గొడవ. ఒకడు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు కూడా. మీరు పెద్దవాళ్ళు, ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు.

నాకు పగలబడి నవ్వొచ్చింది. కుర్రవాడు నొచ్చుకున్నట్టున్నాడు. "నిన్ను చూసి కాదు నాయనా, రేపు చెబుతాను" అని ఫోన్ పెట్టేశాను. ఇదే తగాదాను యాభై ఏళ్ళ కిందట తిరువూరులో, ఒక పెంకుటింటి వసారాలో కూర్చుని, ఎర్ర పెన్సిలుతో తేల్చిపారేసిన మనిషి గుర్తొచ్చారు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎక్కడో ఒక దీర్ఘం తప్పు పెడతాను, ఆమె వచ్చి దిద్దుతారు. పోయి చాలా ఏళ్ళయింది కాని, అక్షరదోషాల విషయంలో చావును ఒక అడ్డంకిగా లెక్కచేసే మనిషి కారు. ఊళ్ళో అందరూ టీచరుగారు అనేవాళ్ళు. తిరువూరులో టీచర్లు ఇంకా చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళను వాళ్ళ పేర్లతో పిలిచేవాళ్ళు. ఉత్త 'టీచరుగారు' అంటే మాత్రం ఈమే.

నేను మిషన్ స్కూల్లో తెలుగు పండితుడిగా చేరేనాటికి నాకింకా మీసం కూడా సరిగా కుదరలేదు. మాది ఆ దగ్గర్లోనే నెమలి అనే ఊరు. నాన్న అక్కడి వేణుగోపాలస్వామి గుళ్ళో అర్చకుడు. చేరిన కొత్తలో ఒకరోజు టీచర్ల గదిలో కూర్చుని ఉంటే, పొడవాటి ఆవిడ ఒకరు నా ముందుకొచ్చి నిలబడ్డారు. చంకలో గొడుగు, కొప్పులో గుచ్చిన ఎర్ర పెన్సిలు. పలకరింపు లేదు, పరిచయం లేదు.

"మాస్టారూ, ఐవరీ కోస్ట్ అని ఆఫ్రికాలో ఒక దేశం ఉంది. తెలుగులో ఏమంటారు?"

కొత్త పండితుడికి పరీక్ష పెడుతున్నారనుకున్నాను. "దంతపు తీరం అనొచ్చండి" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని ఒకసారి లోపల అనుకుని చూసుకున్నారు. పెన్సిలు తీసి చేతిలో కాగితం మీద రాసుకుని, మళ్ళీ కొప్పులో గుచ్చుకున్నారు. పెన్సిలు కొప్పులోకి వెళ్ళిందంటే ఆ దేశం పని పూర్తయినట్టేనని నాకు తర్వాత తెలిసింది.

"మనిషిని పంపమని దేవుణ్ణి ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాను. నెమలి వేణుగోపాలస్వామి దగ్గర్నుంచి పంపాడు. సరే, అది ఆయన ఇష్టం" అన్నారు.

సంగతేమిటంటే, వాళ్ళ చర్చి సంఘానికి మద్రాసు నుంచి నెలనెలా ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చేది. ఏ ఆదివారం ఏ దేశాల కోసం ప్రార్థన చెయ్యాలో అందులో ఉండేది. దాన్ని తెలుగు చేసి, కార్బన్ పెట్టి నకళ్ళు తీసి, తిరువూరు చర్చిలో తానే చదివి, రెడ్డిగూడెం, గంపలగూడెం వైపు సంఘాలకు పంపడం టీచరుగారి పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. అప్పజెప్పకపోయినా చేస్తున్నారు గనుక ఆపమనే ధైర్యం కూడా ఎవరికీ లేదు. నకళ్ళు బస్సులో వెళ్ళేవి. టికెట్టు కోసం చెయ్యి చాపిన కండక్టరు చేతిలో ఆమె నాలుగు ఖండాలను పెట్టి, "తడవనీకు నాయనా" అని దిగిపోయేవారు.

తడవడం అంటే ఆమెకు పెద్ద భయం. ఆ గొడుగు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఎండలో చంకలో ఉండేది. వాన వస్తే తడుస్తుందని కొంగు కింద దాచేవారు.

నెలాఖరులో ఒక సాయంత్రం నేను వాళ్ళ ఇంటి వసారాలో కూర్చునేవాణ్ణి. నా పని సంధులూ సమాసాలూ చూడటం. ఆమె పని నా సమాసాలను కొట్టెయ్యడం. "మరియమ్మకు అర్థం కావాలి మాస్టారూ" అనేవారు. మరియమ్మ అంటే వాళ్ళ సంఘంలో చాప మీద ముందు వరసలో కూర్చునే ఆమె. భర్త లేడు. పొలం పనులకు వెళ్ళేది. ఒక్కడే కొడుకు, దేవసహాయం, మిలటరీలో ఉన్నాడు. మరియమ్మకు అర్థంకాని మాట నిఘంటువులో ఉన్నా సరే, ప్రార్థనలో ఉండటానికి వీల్లేదు.

గ్రీన్‌లాండ్ దగ్గర ఒకసారి పేచీ వచ్చింది. 'హరితదేశం' అన్నాను, ఎంతో మురిసిపోతూ.

"అక్కడ పచ్చదనం లేదు. అంతా మంచే. లేనిది ఉందని చెప్పి ప్రార్థన ఎట్లా చేస్తామండీ?"

"వాళ్ళ పేరే అది కదండీ!"

"పేరు వాళ్ళది. అబద్ధం మనదవుతుంది."

చివరికి గ్రీన్‌లాండ్ గ్రీన్‌లాండ్‌గానే మిగిలింది. దంతపు తీరం మాత్రం తెలుగులోనే సాగింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆ దేశమే 'మా పేరును ఎవరూ అనువదించవద్దు' అని ప్రపంచానికంతా చెప్పుకుందని విన్నప్పుడు, ఈ కబురు టీచరుగారికి చేరకపోతే బాగుండుననుకున్నాను. చేరే ఉంటుంది. రోజూ రేడియో వార్తలు వినందే కంచం ముందు కూర్చునేవారు కాదు. తప్పంతా నామీద నెట్టి ఉంటారు.

జర్మనీ అని మద్రాసు వాళ్ళు ఒక్క మాట రాసి ఊరుకుంటే, "ఏ జర్మనీ?" అని ఈమె ఇక్కడ తల పట్టుకునేవారు. రెండూ రాయాలి. రెండూ రాస్తే ఏది ముందు? ఒకసారి తూర్పు జర్మనీ ముందు రాస్తే, మరోసారి పడమర జర్మనీ ముందు.

"తిరువూరు చర్చిలో ఏది ముందు చదివారో బెర్లిన్‌లో ఎవరు వినొచ్చారండీ?" అన్నాను ఒకసారి.

"వినేవాడు వింటాడుగా. పక్షపాతమని ఆయన అనుకోడూ?"

ఇంతటి జాగ్రత్తకూ వెనక ఆమెకొక సూత్రం ఉంది. ఏ ఇంటివాళ్ళు తమను తాము ఏమని చెప్పుకుంటారో అదే రాయాలి. పక్కింటివాడు పెట్టిన పేరు కాదు, పాత యజమాని పెట్టిన పేరు కాదు. "పిలిస్తే పలకాలి కదా మాస్టారూ! పలకని పేరుతో పిలిచి ఏం లాభం?" అనేవారు. మద్రాసు కాగితంలో ఫార్మోజా అని ఉంటే కొట్టేసి తైవాన్ అని రాసింది ఆ లెక్కనే. "ఫార్మోజా అన్నది ఎవరో ఓడలో పోతూ పోతూ, బాగుందని పెట్టిన పేరట. ఓడలో పోయేవాడికేం, పోతాడు. ఉండేది వీళ్ళు కదా" అన్నారు.

శ్రీలంక సంగతి కొంచెం తర్వాతిదే అయినా ఇక్కడే చెప్పేస్తాను. సిలోను తన పేరు మార్చుకుందని రేడియోలో చెప్పారు. ఆ ఆదివారం టీచరుగారు చర్చిలో 'శ్రీలంక' అని చదివారు. సంఘపెద్దల్లో రిటైరైన కాంపౌండరుగారు ఒకాయన ఉండేవారు. ఊళ్ళో సగంమందికి సూదులు పొడిచిన చెయ్యి ఆయనది. అందుకే ఆయన గొంతెత్తితే జనం అప్పటికీ చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్ళు. ఆరాధన అయ్యాక ఆయన టీచరుగారిని ఆపారు.

"ఏంటమ్మా ఇది? మన ప్రార్థనలో శ్రీ ఏంటి? ఉత్త లంక అంటే చాలదా?"

"ఉత్త లంక అంటే కృష్ణ ఒడ్డున లంక ఊరనుకుంటారండి. అయినా, మొన్న మీ అమ్మాయి పెళ్ళి శుభలేఖలో మీ పేరు ముందు ఏముందండీ?"

కాంపౌండరుగారు ఆలోచించారు. ఉన్నది శ్రీయే.

"తీసేసి పిలవమంటారా?"

ఆయన నవ్వాపుకోలేక చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఫోన్ చేసిన కుర్రవాడికి మర్నాడు నేను ఈ సూత్రమే చెప్పాను. ఉండేవాళ్ళు చెప్పుకునే పేరొక్కటే రాయండి, తోకలు తగిలించడం మన పని కాదు అన్నాను. "మరి ఒకే నేలను ఇద్దరు రెండు పేర్లతో పిలిచి, మాదంటే మాదని కొట్టుకుంటే ఏం చెయ్యాలి సార్?" అన్నాడు. తెలివైనవాడే. నాకు తోచిన జవాబేదో చెప్పాను. పేరొక్కటే ఉంచి తోక తీసేశారట. అలిగి వెళ్ళినవాడు తిరిగొచ్చాడో లేదో తెలియదు. కాని ఆ ప్రశ్న మాత్రం నేను టీచరుగారిని డెబ్భై ఒకటిలో అడిగిన ప్రశ్నే.

అది పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన డిసెంబరు. వరికోతలు జరుగుతున్నాయి. మద్రాసు కాగితం యుద్ధానికి ముందే అచ్చయింది కాబట్టి అందులో తూర్పు పాకిస్తాన్ అని ఉంది. రేడియోలో, పేపర్లలో, టీకొట్టు దగ్గర అందరూ బంగ్లాదేశ్ అంటున్నారు. ప్రభుత్వం మాత్రం ఆ దేశాన్ని ఇంకా గుర్తించలేదు.

శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పెన్సిలు కొప్పులో లేదు, చేతిలో ఉంది. పాస్టరుగారు కుర్చీ చివర కూర్చుని ఉన్నారు. మెతక మనిషి. ఆయన్ని అందరూ అయ్యగారు అనేవాళ్ళు.

"కాగితంలో ఉన్నదే చదివెయ్యండమ్మా. గవర్నమెంటు ఒప్పుకోని పేరు మనం చదివితే ఎవరేమంటారో" అంటున్నారు అయ్యగారు.

"ఒకే నేల, రెండు పేర్లు. మీ సూత్రం ఏం చెబుతుంది టీచరుగారూ?" అన్నాను నేను, ఆమె ఇరుకున పడటం చూసి లోపల సంబరపడుతూ.

ఆమె జవాబు చెప్పేలోగా మరియమ్మ వచ్చింది. కోత నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కొంగుకు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. మెట్టు మీద కూర్చుంది.

"అమ్మా, మావోడికి ఉత్తరం రాయాలంటే మిలటరీ నంబరే గాని ఊరి పేరు లేదు. యుద్ధంలోకి పోయాడంటన్నారు. వాడున్న దేశం పేరేందమ్మా? రాత్రి మోకాళ్ళేసుకుంటే ఏమని అడగాలో తోచటంలా."

అయ్యగారు నేల చూశారు. టీచరుగారు మరియమ్మను చూశారు. రేడియోలో ఎప్పుడు చూసినా తూర్పు వైపు వార్తలే. మిలటరీ అంతా అటే వెళ్ళిందని ఊరంతా అనుకుంటోంది.

"బంగ్లాదేశ్, మరియమ్మా."

"బంగళాదేశమా? అన్నీ బంగళాలేనా ఆడ?"

"బంగళాలు కాదే, బంగ్లా. వాళ్ళ భాష పేరు."

"బంగళాదేశం, బంగళాదేశం" అని నేర్చుకుంటూ వెళ్ళింది మరియమ్మ. టీచరుగారు తూర్పు పాకిస్తాన్ కొట్టేసి పైన బంగ్లాదేశ్ అని రాశారు. పెన్సిలు కొప్పులోకి వెళ్ళిపోయింది. ఆదివారం అదే చదివారు. అయ్యగారు ప్రార్థన అయ్యేదాకా గుమ్మం వైపు చూస్తూనే ఉన్నారట, పోలీసులు వస్తారేమోనని.

పోలీసులు రాలేదు. మర్నాడు సోమవారం మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌ను గుర్తించిందని రేడియోలో చెప్పారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు టీచరుగారితో వేగడం కష్టమైంది. నడకే మారిపోయింది. "ఢిల్లీ వాళ్ళు సోమవారం ఒప్పుకున్నారు, మనం ఆదివారమే ఒప్పుకున్నాం" అని కనబడినవాళ్ళందరికీ చెప్పేవారు. కూరగాయల బండి దగ్గర కూడా చెప్పడం నేను విన్నాను. బండివాడు వంకాయలు తూస్తూ, "అవునా అమ్మగారూ, అయితే ఇంకో గుప్పెడు వేసుకోండి" అన్నాడు.

యుద్ధం అయిపోయింది. ఊళ్ళో మిఠాయిలు పంచారు. దేవసహాయం నుంచి మాత్రం ఉత్తరం లేదు. సంక్రాంతి సెలవులైపోయి బడి తెరిచాక మరియమ్మకు మిలటరీ నుంచి కబురొచ్చింది. టీచరుగారే చదివి చెప్పారు. కొడుకు కనబడటం లేదని ఉంది. వాడు తూర్పున లేనే లేడు. వాడి దళం పోరాడింది పడమర, పాకిస్తాన్ సరిహద్దులో.

మరియమ్మ ఏడవలేదట. "అయితే ఇన్నాళ్ళూ నేను అడిగింది వేరే చోటా అమ్మా?" అని మాత్రం అడిగిందట.

ఈ మాట టీచరుగారు నాకు వసారాలో చెప్పారు. ఆ నెల కాగితం బల్ల మీద విప్పకుండానే ఉంది.

"తప్పు తలుపు దగ్గర నిలబెట్టాను మాస్టారూ, పాపం దాన్ని. అక్కడ కొడుకు లేడు. రోజూ ఆ తలుపే కొట్టింది."

ఎప్పుడూ ఆమెను ఏడిపించే నేను ఆ రోజు ఓదార్చబోయాను. "వినేవాడు వింటాడని మీరే అన్నారు కదండీ" అన్నాను.

"అన్నాను. అనడం తేలికే" అన్నారు.

ఆ తర్వాత ఆమెకు రేడియో పిచ్చి పట్టుకుంది. పాకిస్తాన్ రేడియోలో సాయంత్రంపూట అక్కడ చిక్కిన మన సైనికుల పేర్లు చదువుతున్నారని ఎవరో చెప్పారు. బడి వదలగానే ట్రాన్సిస్టరు ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చునేవారు. స్టేషను సరిగా అందేది కాదు. గొడుగు కర్రకు తీగ చుట్టి వసారా చూరుకు కట్టారు. ఆ గొడుగుకు అదొక్కటే ఉద్యోగం దొరికింది జన్మలో. ఉర్దూ మనకు రాదు కదండీ అంటే, "పేర్లకు ఉర్దూ ఏంటండీ?" అనేవారు.

వానాకాలం వరదలా గరగరమని చప్పుడు. మధ్యలో ఎవరో గబగబా పేర్లు. చదివేవాడు మన పేర్లను నమిలేసేవాడు. ఒక్కొక్క పేరు విన్నప్పుడల్లా ఆమె పళ్ళు నూరేవారు. "అది రామచంద్రుడయ్యా, రాంచందర్ కాదు!" అని ట్రాన్సిస్టరు మీద కేకలు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నేను పక్కన కూర్చుని, ఏ దేశం పేరు చెప్పినా ఇంత కోపం రాలేదే ఈవిడకు అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆమె చెయ్యి నా మణికట్టు మీద పడింది.

"విన్నారా?"

"లేదండీ, గరగరే."

"దేవ్‌సహాయ్ అన్నాడు. తిరవర్ అన్నాడు. మన ఊరే!"

నాకూ నమ్మాలనే ఉంది. కాని ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నదే సందేహపడటానికి. "తిరువారూరేమోనండీ. అరవదేశంలో ఉంది. దేవసహాయం అనే పేరు వాళ్ళలోనూ ఉంటుంది" అన్నాను.

"తర్వాత మన జిల్లా పేరు, కిష్ణా అన్నట్టుంది" అన్నారు. అన్నట్టుంది, అన్నారు. అన్నాడు అనలేదు. ఆమె నోట ఆ 'ట్టుంది' వినడం నాకదే మొదటిసారి.

మర్నాడూ, ఆ మర్నాడూ విన్నాం. మళ్ళీ ఆ పేరు రాలేదు. చెప్పాలా వద్దా? ఒకసారి తప్పు చెప్పి ఉన్నారాయె. రెండు రోజులు ఆమె మరియమ్మ ఇంటి వైపున్న వీధిలో నడవలేదు. మూడోరోజు తానే వెళ్ళారు, నన్నూ వెంటబెట్టుకుని. మరియమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"మరియమ్మా, రేడియోలో ఒక పేరు విన్నాను. నీ కొడుకుదే అనిపించింది. కాని అరవదేశంలో ఇలాంటి పేరే ఉన్న ఊరు ఇంకోటుంది. ఇంకో తల్లి కొడుకు కూడా కావచ్చు. నాకు తెలియదు" అన్నారు టీచరుగారు.

'నాకు తెలియదు' అన్న మాట ఆమె ఎంత నీళ్ళు నమిలి అన్నారో చూశాను.

మరియమ్మ చేట కింద పెట్టింది. "ఎవరి బిడ్డయితేనేం, బతికున్నాడుగా అమ్మా. ఆ దేశం పేరేంది?"

"పాకిస్తాన్."

"ఇది తప్పు గాదుగా?"

"ఇది తప్పు కాదు."

పేచీ ఆ తర్వాతి నెలలో వచ్చింది. మద్రాసు కాగితంలో ఒక ఆదివారానికి పాకిస్తాన్ ఉంది. నేను సాధారణంగా ఆదివారాలు చర్చి వసారాలో సైకిలుకు ఆనుకుని నిలబడేవాణ్ణి. భక్తి కాదు, నేను పెట్టిన సంధులు ఆమె ఎక్కడ విరగ్గొడతారో వినడానికి. ఆ రోజు టీచరుగారు ఆ పేరు చదవబోతుండగానే కాంపౌండరుగారు లేచి నిలబడ్డారు.

"ఆ పేరు వదిలెయ్యండమ్మా. తక్కినవి చదవండి."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? యుద్ధం చల్లారి ఎన్నాళ్ళయింది? బయటివాళ్ళు వింటే మనల్ని ఏమనుకుంటారు? వీళ్ళు ఎవరి పక్షం అని అడగరా? ఊళ్ళో మనం ఉన్నదే గుప్పెడు మందిమి." ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించారు. "అదిగో, పంతులుగారు వింటున్నారు కూడా!"

చర్చి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. "నేను సంధుల కోసం వచ్చానండీ" అన్నాను. అంతకంటే ఏం తోచలేదు. ఎవరో కిసుక్కుమన్నారు కాని, కాంపౌండరుగారి భయం నవ్వులాటది కాదని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. అయ్యగారి ముఖమూ అలాగే ఉంది. టీచరుగారు సూత్రం చెబుతారనుకున్నాను. ఆమె కాగితం మీది ఆ పేరు కింద వేలు పెట్టుకుని నిలబడ్డారు.

ముందు వరసలో మరియమ్మ లేచింది.

"అయ్యా, మావోడు ఆడున్నాడో లేడో తెలవదు. ఉంటే ఆళ్ళ చేతిలోనే ఉన్నాడు. ఆళ్ళు చల్లగా ఉంటేనే గదయ్యా మావోడికింత ముద్ద పెట్టేది? పేరు చెప్పకుండా ఎట్టా అడగను? మీకు భయమైతే చెవులు మూసుకోండి. నేను చెబుతా."

అని, "పాకిస్తాను" అంది, గట్టిగా, గుమ్మం దాటి వీధిలోకి వినబడేటట్టు.

కాంపౌండరుగారు గుమ్మం వైపు ఒకసారి చూశారు. తర్వాత కూర్చున్నారు. టీచరుగారు చదివారు.

ఎండాకాలంలో పాకిస్తాన్ నుంచి దేవసహాయం రాసిన కార్డు వచ్చింది. తిరువారూరు కాదు, తిరువూరే. ఆ కార్డు పట్టుకుని టీచరుగారు ముందు మా ఇంటికి వచ్చారు. లోపలికి రాకుండానే, "అరవదేశం అన్నారు!" అని ఒక్క మాట అనేసి, మరియమ్మ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. ఆ మాటతో నన్ను తర్వాత ఎన్నేళ్ళు సాధించారో!

దేవసహాయం ఆ ఏడాది చివర్లో వచ్చాడు. బస్సు దిగినవాణ్ణి చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. బాగా చిక్కిపోయాడు. మాట మెల్లగా ఉంది. అందరూ దెబ్బలు కొట్టారా, తిండి పెట్టారా అని అడుగుతుంటే, టీచరుగారు మాత్రం అందర్నీ తోసుకుని ముందుకొచ్చి, "అక్కడివాళ్ళు నిన్నేమని పిలిచేవాళ్ళు?" అని అడిగారు.

"సహాయ్ అనేవాళ్ళండి."

"పలికేవాడివా?"

"పలక్కపోతే రొట్టె రాదుగదండీ" అన్నాడు. అప్పుడు నవ్వాడు మొదటిసారి.

వాడే చెప్పాడు, అక్కడి చలికాలంలో వాడికి జ్వరం తగిలితే, కాపలావాడొకడు తన కంబళి తెచ్చి కప్పి వెళ్ళాడని, రెండు రాత్రులు తాను చలిలో నిలబడ్డాడని. మరియమ్మ ఆ మాట విన్నప్పటినుంచి ఒకటే పట్టు. వచ్చే ఆదివారం ఆ బిడ్డ కోసం ప్రార్థన చెయ్యాలి.

టీచరుగారు కాగితం తీసుకున్నారు. "అతని పేరేంటి నాయనా?"

"తెలీదండి. అందర్నీ ఖాన్‌సాబ్ అనేవాళ్ళం."

"అందరి పేరూ ఒకటే ఎట్లా అవుతుంది? అడగలేదా?"

"అడిగానండి. చెబితే అతనికి మాటొస్తదేమో, నవ్వి ఊరుకున్నాడు."

ఆ వారమంతా దేవసహాయాన్ని వదల్లేదు. తోటివాళ్ళు పిలిచేటప్పుడు వినలేదా, ఊరు చెప్పలేదా, ఏ అక్షరంతో మొదలవుతుందో కూడా తెలియదా. పాపం వాడు ఆమె గొడుగు కనబడితే సందులోకి తప్పుకునేవాడు. శనివారం వసారాలో కాగితం మీద కొట్టివేతలే కొట్టివేతలు. 'ఒక సైనికుడు' అని రాసి కొట్టేశారు, లక్షలమంది ఉన్నారని. నేను 'కంబళదాత' అన్నాను. ఆమె నన్ను కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఆయనకు సన్మానం చెయ్యడం లేదు మాస్టారూ." చీకటి పడేదాకా కూర్చున్నాం. పెన్సిలు చేతిలోనే ఉండిపోయింది.

ఆదివారం నేను ఎప్పటిలాగే వసారాలో నిలబడ్డాను. దేవసహాయం తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. టీచరుగారు దేశాల పేర్లన్నీ తడబాటు లేకుండా చదివారు. చివరికి వచ్చారు. "మన దేవసహాయానికి కంబళి కప్పిన..." అన్నారు. ఆగిపోయారు. కాగితాన్ని ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకున్నారు. అందులో ఏమీ లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. జనం తలలెత్తి చూశారు. ఎవరో దగ్గారు.

"ఆగావేందమ్మా?" అంది మరియమ్మ కింద నుంచి, పొలంలో పక్క మనిషితో అన్నట్టు. "నీకు తెలవకపోతే ఏం, ఆయనకి తెలవదా ఏంది?"

టీచరుగారు ఆమె వైపు చూశారు. కాగితం మడిచి బైబిల్లో పెట్టారు. కళ్ళు మూసుకున్నారు.

"ఆ బిడ్డను చల్లగా చూడు ప్రభువా" అన్నారు.

అందరికంటే ముందు 'ఆమేన్' అన్నది కాంపౌండరుగారు.